వెనక గుమ్మం చూసి ఒప్పుకున్న సంబంధం

మా చెల్లెలు శాంతాదేవి మిల్లులో మిరపకాయ మర ఆడుతున్నంతసేపు ఎవరూ నోరు తెరవకూడదు. తెరిస్తే ఘాటు గొంతులోకి దిగి రెండు రోజులు దగ్గిస్తుంది. బళ్లో ఏళ్ల తరబడి లెక్కలు చెప్పి, పిల్లల మీద అరిచి అరిచి అలవాటుపడ్డ నాకు ఆ నియమం పెద్ద శిక్ష. రిటైరయ్యాక పొద్దుటిపూట ఆ మిల్లు గల్లాపెట్టె దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాను. "శివనేశన్ సారు నోరు మూతబడేది ఇక్కడే" అని మా చెల్లెలు వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించి మరీ చెబుతుంది. చెప్పుకోనీ. నా కోపం సంగతి మా ఊరు తెలుక్ ఇంటాన్‌లో తెలియనివాళ్లు ఎవరు గనక?

అలాంటి నా కోపాన్ని చిటికెడు కూడా లెక్కచేయకుండా తన పని తాను చేసుకుపోయిన మనిషి ఒకతె ఉంది. పేరు కోగిల. ఒకప్పుడు నా దగ్గరే లెక్కలు నేర్చుకుంది. తరగతిలో మొదటి మార్కు ఆమెది కాదు. అయితే తన లెక్క సరిగ్గా వచ్చినా సరే, పక్కపిల్ల తప్పు చేసిన పుస్తకం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చేది. "సార్, ఇది ఎక్కడ తప్పడం మొదలెట్టినాది?" అని అడిగేది. నీ లెక్క వచ్చింది కదా, ఇంక నీకెందుకే అని కసిరేవాణ్ణి. కసిరినా అక్కడే నిలబడేది. చివరికి నేనే కళ్లజోడు పెట్టుకుని వెతికి చూపించేవాణ్ణి.

ఆమె పుట్టింది ఊరికి అవతల పామాయిల్ తోటలో. అమ్మానాన్నలు ఫ్యాక్టరీ షిఫ్టులకి పోతే అమ్మమ్మ దాలమ్మ పెంచింది. అందుకే ఆమె తెలుగు అలా నిలబడింది. మా మేనల్లుడు శర్విన్ లాంటి కుర్రాళ్లకి తెలుగు అర్థమవుతుంది గానీ, జవాబు మాత్రం ఇంగ్లీషులోనో మలయ్‌లోనో వస్తుంది. కోగిల నోరు విప్పితే తోటలో కూలీల లైన్ ఇళ్ల వెనక ముసలమ్మలు మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. అదే నోటితో సైబర్‌జయలో పెద్ద కంపెనీలో ఏళ్లపాటు ప్రోగ్రాములు రాసింది. ఇంటినుంచి పని చేసుకోవచ్చని కంపెనీవాళ్లు అనగానే మూట కట్టుకుని తిరిగి వచ్చేసింది. అంత మంచి ఊరు వదిలి ఎందుకొచ్చావే అంటే, "అక్కడ మిరపకాయలు ఎండబెట్టుకోడానికి జాగా లేదు సార్" అంది. ఇప్పుడు మా వంకర గడియార స్తంభానికి దగ్గరలో ఓ కొట్టు మేడమీద గది తీసుకుని, కిటికీలో మిరపకాయలు, బల్లమీద లాప్‌టాప్ పెట్టుకుని ఉంటుంది.

మిల్లు గురించి కూడా ఒక మాట చెప్పాలి. తోటల్లో జనం నిండుగా ఉన్న రోజుల్లో మా చెల్లెలి మామగారు పెట్టిన మర అది. ఆడవాళ్లు ఇంట్లో వేయించిన ధనియాలు, మిరపకాయలు, సోంపు బిస్కెట్ డబ్బాల్లో పోసుకుని బస్సెక్కి వచ్చేవాళ్లు. ఒకరి సరుకు ఇంకొకరి సరుకులో కలిసిందా, ఇక ఆ రోజు మిల్లులో జుట్లు పట్టుకోవడమే. అందుకని మామగారు ఒక పద్ధతి పెట్టాడు. డబ్బా మీద పేరు చూసి మిల్లు మనిషి గట్టిగా పిలవాలి. ఆ పేరుగల మనిషి "ఓయ్" అని పలకాలి. అప్పుడే మర తిప్పాలి. తోటకి నలుగురైదుగురు సరస్వతులు ఉండేవాళ్లు కాబట్టి తండ్రి పేరుతో సహా పిలవాలి.

మా దేశంలో గుర్తింపు కార్డులోనూ అంతే. ఆడపిల్లయితే తన పేరు, దాని పక్కన ఏ/పీ, ఆ తర్వాత తండ్రి పేరు. ఫలానావాడి కూతురు అనే మలయ్ మాటలకి అది పొట్టి గుర్తు. మగపిల్లవాడయితే ఏ/ఎల్. మధ్యలో ఉన్న ఆ ఏటవాలు గీతని పుట్టినప్పటినుంచి చూస్తూనే ఉన్నాం గానీ, అదొకటి ఉందని ఎప్పుడూ పట్టించుకోలేదు.

తర్వాత్తర్వాత జనం తోటలు వదిలి కౌలాలంపూర్‌కీ, పినాంగ్‌కీ, జోహోర్‌కీ చెదిరిపోయారు. ఊళ్లు మారాయి గానీ నాలుకలు మారలేదు. అది చూసి శర్విన్ ఒక పెద్ద ఆన్‌లైన్ అంగడిలో మిల్లు పేరున దుకాణం తెరిచాడు. ఆర్డరు వచ్చాకే ఆడించి, వేడి చల్లారాక కట్టి పంపడం మా గొప్ప. బావ పోయాక మిల్లు నిలబడింది ఆ ఆర్డర్ల మీదే. శాంత మాత్రం పాత పద్ధతి మానలేదు. కంప్యూటరులో ఆర్డరు కనిపించగానే లేచి నిలబడి, ఖాళీ వాకిట్లోకి చూస్తూ "సరస్వతి ఏ/పీ అప్పలస్వామీ!" అని కేకేస్తుంది.

"ఎవర్తె పలుకుతాదే? గోడలా?" అని నేను ఎగతాళి చేస్తాను.

"పిలవడం నా పని అన్నయ్యా, పలకడం ఆళ్లిష్టం లా," అంటుంది. మాట చివర ఆ "లా" మా దేశంలో అందరి నోటా ఉండే తోక.

ఇంతలో ఆ అంగడివాళ్లు తమ వెబ్ సర్వీసు మార్చారు. వెబ్ సర్వీసు అంటే, కొన్నవాళ్ల ఆర్డర్లు అంగడి కంప్యూటరులోంచి మన కంప్యూటరులోకి వచ్చే దారి. కొత్త దారి వేశాం, అందులో కలవండి, పాతదాన్ని నాలుగైదు నెలల్లో మూసేస్తాం అని కబురు పెట్టారు. అలాంటి దారిని ఎవరికి వాళ్లు మొదటినుంచి వేసుకోనక్కర్లేదట. ప్రపంచంలో ఎవరో ఒకరు ముందే కోడ్ రాసి, కావలసినవాళ్లు వాడుకోండి అని ఊరికే పెడతారట. దాన్ని లైబ్రరీ అంటారు. ఇంట్లో రోకలి ఎత్తకుండా మిల్లులో ఆడించిన పొడి తెచ్చుకున్నట్టన్నమాట. అయితే పొడి ఎవరిది తెచ్చుకోవాలన్నదే కష్టం.

శర్విన్ కౌలాలంపూర్‌లో ఎవరికో చెప్పి ఆ పని చేయించాడు. వాళ్లు అన్నిటికన్నా పేరున్న లైబ్రరీ తెచ్చి తగిలించారు. వేలమంది వాడుతున్నారట. మాకూ ఆర్డర్లు చక్కగా వచ్చాయి. అంతా బాగుందనుకుంటుండగా అంగడినుంచి హెచ్చరిక వచ్చింది. జోహోర్‌లో ఒకావిడ కారప్పొడి అడిగితే మేం పంపలేదట. అసలు ఆ ఆర్డరు మా కంప్యూటరులోకి వస్తే కదా! పొరపాటేదో జరిగిందనుకుని ఊరుకున్నాం. అదే ఆవిడనుంచి ఇంకో ఆర్డరు, ఇంకో హెచ్చరిక. మూడో హెచ్చరిక వస్తే దుకాణం మూసేయడం అంగడి నియమం. దుకాణం మూస్తే మిల్లూ మూసుకోవాల్సిందే. పక్క స్థలంవాడు మిల్లు పడగొట్టి కార్లు పెట్టుకుంటానని ఎప్పటినుంచో అడుగుతున్నాడు. ఆ వారం శాంత అతన్ని లోపలికి పిలిచి టీ ఇచ్చింది. ఆ టీ చూసి, శాంత మిల్లు అమ్మేయబోతోందని నాకు అర్థమైంది. ఆ మధ్యాహ్నమే కోగిలకి ఫోన్ చేశాను.

కోగిల వచ్చింది. వచ్చి లాప్‌టాప్ తెరుస్తుందనుకుంటే, జోహోర్ ఆవిడ ఫోన్ నంబరు ఉందా అని అడిగింది. హెచ్చరిక కాగితంలో ఉంది. శాంత భయపడింది.

"ఒద్దు లా కోగిలా. ఆవిడ తిడతాది."

"తిట్టాలి కదత్తా. రెండుసార్లు పొడి పంపలేదు మనం."

ఆవిడ పేరు నాగవల్లి. ఒకప్పుడు మా తోటల పిల్లే, పెళ్లయి జోహోర్ వెళ్లింది. ఫోన్ ఎత్తగానే మొదలుపెట్టింది. మిల్లుని తిట్టింది, శాంతని తిట్టింది, మిల్లు పెట్టిన మామగారినీ వదల్లేదు. మధ్యలో తమిళంలోకి వెళ్లి తిట్టి మళ్లీ తెలుగులోకి వచ్చింది. ఇక చాలు, పెట్టెయ్యవే అని నేను చేతులు ఊపుతున్నాను. కోగిల నా చేతులకేసి చూడనైనా చూడలేదు. "ఊఁ, సెప్పండి పిన్నీ... ఆమా, తప్పే పిన్నీ... తరవాత?" అంటూ, పెన్ను పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఉంచి, చివరంటా విన్నది. తిట్లన్నీ అయిపోయాక నాగవల్లి గొంతు మెత్తబడింది.

"నాకు ఏటి రోషమంటే అమ్మా, మా పక్కింటి మే లింగ్ నన్ను సూసే మీ మిల్లు పొడి అలవాటు సేసుకున్నాది. ఇద్దరం ఒక్కసారే కూకుని ఆర్డర్ కొట్టినాం. దానికి వచ్చినాది, నాకు రాలేదు. నా మిల్లు లా అది! నాకు రాకుండా సీనామెకి పంపుతారా?"

కోగిల పెన్ను కిందపెట్టింది. "పిన్నీ, ఆర్డర్ మీద మీ పేరు ఎలగ రాసినారు?" అని అడిగింది.

"ఎలగ రాస్తాను? కార్డులో ఉన్నట్టే. నాగవల్లి ఏ/పీ సూరయ్య."

ఫోన్ పెట్టేశాక శాంత గల్లాపెట్టె మీద చెయ్యి ఆనించింది. "అన్నయ్యా, కొత్త దారి పెట్టిన్నాటినుంచి నేను ఒక్కర్తెని కూడా తండ్రి పేరు కలిపి పిలవలేదు," అంది. నిజమే. కురచ పేర్లు పెట్టినవాళ్లూ, చైనావాళ్లూ, మలయ్‌వాళ్లూ వస్తున్నారు. కార్డులో ఉన్నట్టు పూర్తి పేరు రాసే మా పెద్దవాళ్లు మాత్రం ఒక్కరూ రాలేదు. పొడి రాకపోతే వాళ్లు ఫిర్యాదు చేసే రకం కాదు. మిల్లు మమ్మల్ని మర్చిపోయింది కాబోలు అనుకుని ఊరుకుంటారు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్లు మండింది.

ఎక్కడ తప్పడం మొదలైందో కోగిల ఆ సాయంత్రానికే పట్టేసింది. దొంగ ఆర్డర్లు రాకుండా కొత్త దారిలో పోయే ప్రతి మాటకీ ముద్ర వేయాలట. ఆ పేరున్న లైబ్రరీ ముద్ర వేసేటప్పుడు పేరులోని ఏటవాలు గీతని ఒక రకంగా చదువుతుంది, పంపేటప్పుడు ఇంకో రకంగా పంపుతుంది. ముద్ర కుదరలేదని అంగడి తిప్పికొడుతుంది. లైబ్రరీ రెండు మూడుసార్లు తలుపు తట్టి, తెరవకపోతే ఎవరికీ చెప్పకుండా తర్వాతి ఆర్డరుకి వెళ్లిపోతుంది.

"అయితే ఆ గీత దగ్గర ఒక అతుకు వేసెయ్, అయిపోతుంది," అన్నాను.

"అతుకు వెయ్యొచ్చు సార్. ముందు ఎనకాలికి ఎళ్లి సూసొస్తాను," అంది.

ఆ మాట ఎక్కడిదో నాకు తెలుసు. దాలమ్మది. తోటల్లో సంబంధాలు చూడాలంటే దాలమ్మ వెళ్లాల్సిందే. ఆమె ఎప్పుడూ వీధి గుమ్మంలోంచి వెళ్లేది కాదు. "ముందుగదిలో అందరూ మంచోల్లే. కుర్చీ ఏస్తారు, కలర్ పోస్తారు. ఎనక గుమ్మం కాడ నిలబడితే కదా మనిషి తెలిసేది," అనేది. లైన్ ఇంటి వెనక, వంటగది కాలవ దగ్గర మంచినీళ్లు అడిగి తాగుతూ నిలబడేది. కూతురి సంబంధానికీ అలాగే వెళ్లింది. మొదట చూసింది తోట గుమాస్తా ఇల్లు, కలిగినవాళ్లు. దాలమ్మ వెనక నిలబడి ఉండగా పక్కింటామె వచ్చి, మీ కోళ్లు మా మొక్కలన్నీ పీకేశాయని చెప్పబోయింది. మా కోళ్లు అలాంటివి కావు అని తలుపేసేశారు. దాలమ్మ నీళ్ల గ్లాసు అక్కడే పెట్టి వచ్చేసింది. రెండోది వీరసామి ఇల్లు. అక్కడా కోళ్లే, అక్కడా పక్కింటామె తగువే. వీరసామి తల్లి మాత్రం చేతిలో పని వదిలి మెట్టు మీద కూర్చుని, చెప్పిందంతా విని, వెళ్లి కోళ్లని గంప కింద మూసింది. మొక్కలు మళ్లీ నాటడానికి కొడుకుని పంపింది. దాలమ్మ ముందుగదిలోకి వెళ్లకుండానే పిల్లనిస్తానని చెప్పేసింది. ఆ పెళ్లికి పుట్టిందే కోగిల. కోళ్లు పీకిన మొక్కల పుణ్యాన పుట్టిన పిల్ల అని మేం ఇప్పటికీ ఏడిపిస్తాం.

లైబ్రరీలకి కూడా వెనక గుమ్మం ఉంటుందట. వాడినవాళ్లు వచ్చి ఇది పనిచేయలేదు, అది విరిగింది అని చెప్పుకునే చోటు. చెప్పిన ఫిర్యాదూ, దానికి రాసినవాళ్లు ఇచ్చిన జవాబూ అందరికీ కనిపించేలా అక్కడే పడి ఉంటాయి. కోగిల మిల్లులో నా పక్కన కూర్చుని ఆ తగువులన్నీ చదవడం మొదలుపెట్టింది. ఈ అంగడికి కలిపే లైబ్రరీ ఏదుంటే దాని తగువులు చదివింది. పొద్దున్న వచ్చి చదువుతుంది, మర తిరిగితే నోరు మూసుకుని చదువుతుంది, కంపెనీ పని చూసుకుని మళ్లీ వచ్చి చదువుతుంది. అంతదాకా ఆర్డర్లని పాత దారికే మళ్లించింది గానీ, అది మూసే రోజు తరుముకొస్తోంది. ముందే మాయమైన ఆర్డర్ల మీద మూడో హెచ్చరిక ఎప్పుడైనా రావచ్చు. ఒక రోజు నాకు ఒళ్లు తెలియలేదు.

"ఎవరిళ్లలో తగువులో చదువుకోడానికి పిలిచానా నిన్ను? కొంప మునుగుతుంటే పురాణ కాలక్షేపమా?" అని అరిచాను.

"ఏటి సార్, అలగ అరుస్తారు? ఇది సూడండి," అని లాప్‌టాప్ నావైపు తిప్పింది.

అది పేరున్న లైబ్రరీ వెనక గుమ్మం. రెండు నెలల కిందట ఈపో ఊరినుంచి ఎవరో రాశారు. మా పేర్లలో గీత ఉంటుంది, అలాంటి ఆర్డర్లు మీ లైబ్రరీలో మాయమవుతున్నాయి, దయచేసి చూడండి అని మర్యాదగా రాశారు. దాని కింద జవాబు ఒక్క ముక్క. పేర్లలో అలాంటి గుర్తులు ఉండవు, మీవాళ్లు తప్పుగా రాస్తున్నారు. అంతే, ఫిర్యాదు మూసేశారు. నేను రెండుసార్లు చదివాను. మా నాన్న పేరు ముందు ఉన్న గీతని ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు ఉండదంటాడా? అరవడానికి నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే శాంత మర తిప్పింది.

మర ఆగాక కోగిల ఇంకొకటి చూపించింది. ఫిలిప్పీన్స్‌లో సెబూ అనే ఊళ్లో రోమెల్ అనే ఒకాయన రాసిన లైబ్రరీ. వాళ్లమ్మ ఎండు మామిడి ముక్కలు అదే అంగడిలో అమ్ముతుందట, ఆమె కోసం రాసుకున్నాడు. వాడేవాళ్లు ఏ కొద్దిమందో. కోగిల తన పేరుతోనే ఒక ఉత్తుత్తి ఆర్డరు దాంట్లోకి పంపి చూసింది. కోగిల ఏ/పీ వీరసామి. అక్కడా ముద్ర కుదరలేదు.

"దీనికీ అదే రోగం కదే!" అన్నాను.

"అదే రోగం సార్. గాని ఇది దాచలేదు. అక్కడే ఆగిపోయి, ఫలానా ఆర్డర్ నా వల్ల కాలేదు, సూసుకోండి అని అరిచినాది. ఇప్పుడు ఎనక గుమ్మం కాడ నిలబడి నీళ్లడుగుతాను."

అలా అని రోమెల్‌కి తన ఫిర్యాదు రాసి పెట్టింది. శర్విన్‌కి ఈ సంగతి చెబితే ఆ శనివారం కౌలాలంపూర్‌నుంచి కారేసుకుని వచ్చేశాడు. వాడి మాటల్లోనూ న్యాయం ఉంది. వాడు ఇంగ్లీషులో అన్నదాన్ని నా తెలుగులో చెబుతాను. "అక్కా, పెద్దదానికి వెనక బోలెడంతమంది ఉన్నారు. దీనికి ఒక్కడే మనిషి. రేపు అతనికి జ్వరమొస్తే? విసుగొచ్చి వదిలేస్తే? అమ్మ మిల్లుని ఒక్క మనిషి చేతిలో పెడతామా? పెద్దదానికే అతుకు వేసుకుందాం."

కోగిల ఆలోచించి, "నువ్వన్నది నిజం లా తమ్మీ," అంది. "ఒంటి మనిషి సంబంధం బయమే. గాని పెద్దోళ్లు మన అతుకు ఉంచరు. పేర్లలో గీత ఉండదని ఆళ్లు తీర్మానం సేసేసినారు. ఆళ్లు కోడ్ మార్చినప్పుడల్లా మన అతుకు ఊడిపోతాది, ఊడినట్టు మనకి సెప్పరు. ఈయన ఒక్కడే, సెరి. ఈయన ఎలగ పలుకుతాడో సూడనీ. మంచోడయితే ఒక్కణ్ణే ఉండనివ్వను, నేనూ ఎల్లి ఆ ఇంటి పని సేస్తాను."

శర్విన్ తలూపాడు గానీ మొహంలో భయం పోలేదు. నాకూ పోలేదు. శాంత జల్లెడ దులుపుతూ కూర్చుంది. ఎవరో తెలియని దేశంలో ఎవరో తెలియని మనిషి ఇచ్చే జవాబు కోసం, వాళ్ల మామగారి మిల్లు ఎదురు చూస్తోంది.

మర్నాడు జవాబు వచ్చింది. కోగిల నాకు చదివి వినిపించింది. పేర్లు ఇలా కూడా ఉంటాయని నాకు తెలియదు, నా తప్పే, మా అమ్మ ఆర్డర్లలో ఇలాంటివి ఎన్ని నిలిచిపోయాయో ఇప్పుడే వెళ్లి చూస్తాను. మీ ఊళ్లో పేర్లు ఎలా ఉంటాయో, ఆ గీతకి అర్థమేమిటో చెబుతారా అని రాశాడు. కోగిల తల ఎత్తింది. "ఈయన కోళ్లని మూసీ రకం సార్," అంది. ఆ నవ్వు చూసి నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

తర్వాత ఇద్దరూ కలిసి పనిలోకి దిగారు. ఆమె సరిచేసి పంపడం, ఆయన చూసి ఇక్కడ ఇలా చేద్దామనడం, మళ్లీ ఆమె మార్చడం. చేసిన మరమ్మతు ఎప్పటికీ ఊడిపోకుండా ఉండాలంటే ఒక పరీక్ష పెట్టాలట. ముందు ముందు ఎవరు కోడ్‌లో ఏ చిన్న మార్పు చేసినా, లైబ్రరీ ముందుగా ఒక పేరుని దారిలోకి పంపి, అది అవతలికి క్షేమంగా చేరిందో లేదో చూసుకుంటుంది. చేరకపోతే ఆ మార్పుని లోపలికి రానివ్వదు. ఆ పరీక్షకి గీత ఉన్న పేరు ఒకటి ఇవ్వమని రోమెల్ అడిగాడు. నా పేరు ఇవ్వవే అన్నాను. సగం సరదాకి, సగం నిజంగానే. ఆమె ఇవ్వలేదు. ఎవరి పేరు ఇచ్చిందో అప్పుడు చెప్పలేదు.

పాత దారి మూసే రోజు సోమవారం. మధ్యాహ్నం మూస్తారు. శర్విన్ సెలవు పెట్టి వచ్చాడు. దాలమ్మ కూడా వచ్చింది. సోమవారం మిల్లుకి రావడం ఆమెకి పాత అలవాటు, ఇప్పుడు మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చి గోడవారన ముక్కాలి పీట మీద కూర్చుంటుంది. తొంభైకి దగ్గర పడింది. చెవులు మాత్రం నాకన్నా నయం. కోగిల కొత్త దారి కలిపి, చివరిసారిగా పరీక్షలు నడిపింది. తెర మీద వరసలు పరుగెత్తాయి. ఒక వరస దగ్గర ఆపి, "అమ్మమ్మా, ఇటు సూడు. నీ పేరు," అంది.

దాలమ్మ ఏ/పీ కాంతయ్య. ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది, పక్కన పచ్చగా టిక్కు పడి ఉంది.

"మా అయ్య పేరు ఇందులోకి ఎందుకొచ్చినాదే గుంటా?" అంది దాలమ్మ.

"ఈ లైబ్రరీ ఏ దేశంలో ఎవరు ముట్టుకున్నా ముందు నిన్ను పిలుస్తాది అమ్మమ్మా. నువ్వు పలికితేనే తరవాత పని."

దాలమ్మ తెర దగ్గరికి వంగి కాసేపు చూసింది. "మరి నేను పలికినానా?" అని అడిగింది.

"పలికినావు."

"అలగయితే సెరి," అని మళ్లీ గోడకి ఆనుకుంది. ఇంత గొప్ప సంగతి ఆమెకి మామూలుగానే తోచింది. మిల్లులో పిలిస్తే పలకడం ఆమె చిన్నప్పటినుంచి చేస్తున్న పనే కదా.

మధ్యాహ్నం దాటింది. పాత దారి మూసుకుంది. తెర ఖాళీగా ఉంది. కోగిల పొద్దున్నే నాగవల్లికి ఫోన్ చేసి, ఇంకొక్కసారి మమ్మల్ని నమ్మి ఆర్డరు పెట్టండి పిన్నీ అని అడిగిందని నాకు తెలుసు. ఈసారి పోతే అదే మూడో హెచ్చరిక. ఇంకెవరి పేరుతోనైనా చూసి, ఆవిణ్ణి తర్వాత పిలవొచ్చు కదే అని నేను గొణిగాను. "రెండుసార్లు ఎదురుసూసింది ఆవిడ సార్. ముందు ఆవిడికే ఎళ్లాలి," అంది కోగిల. నాగవల్లి పెడతానని అనలేదు, పెట్టనని కూడా అనలేదు. ఫోన్ పెట్టేసిందంతే. శర్విన్ నిలబడలేక వాకిట్లోకీ లోపలికీ తిరుగుతున్నాడు. శాంత చేతులు కొంగుకి తుడుచుకుంటోంది, తుడిచిన చేతులే మళ్లీ తుడుచుకుంటోంది. కోగిల ఒక్కతే కదలకుండా కూర్చుంది. అయినా ఆమె బొటనవేలు బల్ల అంచుని గీకుతూ ఉండటం నేను చూశాను. ఆ పిల్లకీ భయముంటుందని నాకు అప్పుడే తెలిసింది. భయంతోనే ఇన్నాళ్లూ అంత నిదానంగా పని చేసిందని తెలిసి నాకు ఆమె మీద గౌరవం ఇంకా పెరిగింది.

తెర మీద ఆర్డరు పడింది.

శాంత దగ్గరికి వెళ్లి చదివింది. చదివి లేచి, కొంగు సవరించుకుని, వాకిలివైపు తిరిగింది. చాలా రోజుల తర్వాత మామగారి మిల్లు గొంతుతో పిలిచింది.

"నాగవల్లి ఏ/పీ సూరయ్యా!"

వీధిలో లారీ ఒకటి వెళ్లింది. ఎప్పటిలాగే ఎవరూ పలకలేదు. నేనూ ఎప్పటిలా ఎగతాళి చేయలేదు.

"ఓయ్!"

గోడవారన పీట మీదనుంచి వచ్చిందా కేక. అందరం అటు తిరిగాం. దాలమ్మ చెయ్యి పైకెత్తి ఉంది.

"ఏటలగ సూస్తారు? ఆ గుంట జోహోర్‌లో ఉన్నాది, ఇనబడదు కదేటి. దాని బదులు నేను పలికినాను. తిప్పండి!"

శాంత మిరపకాయలు తూచి మరలో పోసింది. నాకు ఏడుపొచ్చేసింది. మర ఇంకా తిరగలేదు కాబట్టి నెపం ఘాటు మీదికి నెట్టడానికి కూడా లేకపోయింది. కోగిలతో ఏదో చెప్పాలని నోరు తెరిచాను. బాగా చేశావనో, నేను అరిచిన అరుపులేవీ మనసులో పెట్టుకోవద్దనో.

ఆమె మీట మీద చెయ్యి వేసి నావైపు తిరిగింది.

"సార్, నోరు మూసుకోండి. మిరపకాయ," అంది.

మూసుకున్నాను.